సైలెన్సర్, ఎయిర్ ఫిల్టర్ మార్చాక బైకుకు పెట్రోలు ఎలా సరిచేసుకోవాలి?

పొగను సులువుగా బయటికి వదిలే ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేయించుకున్న తర్వాత యాక్సిలరేటర్ వదలగానే బండి టపటపమంటోందని, ఇంజన్ మునుపటికంటే ఎక్కువ వేడెక్కుతోందని, మైలేజీ పడిపోయిందని, పైకి మాత్రం పికప్ బాగానే ఉన్నట్టుందని అడిగేవారు చాలామంది. సైలెన్సర్‌తో పాటు ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చినవారి ప్రశ్నలు కూడా ఇవే. కారణం సులభం. ఇంజన్ లోపలికి వచ్చే గాలి పెరిగింది, పెట్రోలు పాత లెక్క ప్రకారమే అందుతోంది. పెట్రోలు తక్కువైన మిశ్రమాన్ని లీన్ అని, ఎక్కువైన దాన్ని రిచ్ అని మెకానిక్కులందరూ అంటారు కనుక ఇక్కడా ఆ మాటలే వాడుతున్నాను.

ఒక విషయం మొదటే గట్టిగా చెప్పాలి. కొద్దిగా లీన్‌గా ఉన్న ఇంజన్ తక్కువ యాక్సిలరేటర్ దగ్గర చురుగ్గానే అనిపిస్తుంది. ఆ చురుకును, పెరిగిన శబ్దాన్ని చూసి శక్తి పెరిగిందనుకుని నెలల తరబడి అలాగే నడిపితే ఎగ్జాస్ట్ వాల్వు, పిస్టన్ తల దెబ్బతింటాయి. అందుకే ఈ పని ఎక్కడా చెవి ఒక్కదాని మీదే ఆధారపడకుండా, ప్రతి దశలోనూ ఫలితాన్ని తనిఖీ చేసుకుంటూ సాగాలి.

2020 ఏప్రిల్‌లో బీఎస్6 కాలుష్య నిబంధనలు రాకముందు అమ్ముడైన బైకుల్లో అత్యధికం కార్బొరేటర్ (గాలిని, పెట్రోలును కలిపి ఇంజన్‌కు అందించే పరికరం) బండ్లే. కింది దశలు ప్రధానంగా వాటికోసం రాసినవి. కంప్యూటర్ లెక్క ప్రకారం పెట్రోలు చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్ల సంగతి చివర విడిగా ఉంది.

పని మొదలుపెట్టే ముందు చట్టం సంగతి

శబ్దం, పొగ పరిమితులు దాటిన బండి నడపడం మోటారు వాహనాల చట్టంలోని 190(2) సెక్షన్ కింద నేరం. 80 నుంచి 175 సీసీ వరకు ఉన్న మోటారు సైకిళ్లకు 77 డెసిబెళ్లు, 175 సీసీ దాటినవాటికి 80 డెసిబెళ్లు తయారీ దశలో పాటించాల్సిన పరిమితులు. హైదరాబాద్‌లో ట్రాఫిక్ పోలీసులు ఇలాంటి సైలెన్సర్లను ఊడదీయించి స్వాధీనం చేసుకోవడం మీరూ చూసే ఉంటారు. కాబట్టి లోపల శబ్దాన్ని తగ్గించే బాఫిల్ ఉన్న సైలెన్సరే ఎంచుకోండి. ఆ బాఫిల్ బిగించిన తర్వాతే ట్యూనింగ్ మొదలుపెట్టండి, ఎందుకంటే బాఫిల్ తీసి సరిచేసిన పెట్రోలు, దాన్ని మళ్లీ పెట్టగానే లెక్క తప్పుతుంది. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ తీసేయించిన బండి విషయంలో నేను ఏ సలహా ఇవ్వను. దాన్ని తిరిగి పెట్టించడమే మొదటి పని.

కావలసినవి

- మీ కార్బొరేటర్‌లో ప్రస్తుతం ఉన్న మెయిన్ జెట్ నంబరుకు పైన ఉన్న మూడు సైజులు, కింద ఉన్న ఒక సైజు. పైలట్ జెట్ ఒక సైజు పెద్దది. జెట్ అంటే పెట్రోలు కొలతగా వెళ్లే సన్నని రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క.
- కంపెనీ చెప్పిన రకం, చెప్పిన హీట్ రేంజ్ ఉన్న కొత్త స్పార్క్ ప్లగ్గులు రెండు.
- కొత్త సైలెన్సర్ గ్యాస్కెట్, అవసరమైతే కార్బొరేటర్‌ను ఇంజన్‌కు కలిపే మానిఫోల్డ్ రబ్బరు.
- సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజ్, సరైన కొలత ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్. మికుని, కీహిన్ కార్బొరేటర్ స్క్రూలు జపాన్ ప్రమాణానికి చెందినవి. మామూలు స్టార్ స్క్రూడ్రైవర్ పెట్టి తిప్పితే తలలు అరిగిపోతాయి.
- అర మిల్లీమీటరు మందం ఉన్న చిన్న వాషర్లు రెండు, నీళ్లు నింపిన స్ప్రే సీసా, కాగితపు టేపు, మార్కర్, నోటు పుస్తకం.
- పెట్రోలు పట్టడానికి మూత ఉన్న డబ్బా, మంటలార్పే పొడి ఉన్న చిన్న సిలిండర్.

హైదరాబాద్‌లో జెట్లు పుత్లిబౌలి, రాణిగంజ్ స్పేర్ పార్టుల దుకాణాల్లో దొరుకుతాయి. వెళ్లేటప్పుడు బండి పేరు చెబితే సరిపోతుందనుకోకుండా పాత జెట్‌ను విప్పి వెంట తీసుకెళ్లండి. మికుని జెట్ మీది నంబరు, కీహిన్ జెట్ మీది నంబరు ఒకే కొలత పద్ధతిలో ఉండవు కనుక ఒకదాని అంకె చూసి ఇంకొకటి కొనకూడదు. కొనేముందు జెట్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి. రంధ్రం గుండ్రంగా, అంచున ఇత్తడి పొలుసు లేకుండా ఉండాలి, నంబరు స్పష్టంగా చెక్కి ఉండాలి. నకిలీ జెట్లలో ఒకే నంబరున్న రెండింటి రంధ్రాలు వేర్వేరుగా ఉండడం అరుదు కాదు. చౌకగా వస్తుందని పాత జెట్‌నే డ్రిల్లు పెట్టి పెద్దది చేయించుకోవద్దు. ఆ తర్వాత మీ చేతిలో ఉన్నది ఏ సైజో ఎవరూ చెప్పలేరు, వెనక్కి వచ్చే దారీ ఉండదు.

1. బండి ఆరోగ్యం చూసుకోండి

ఈ దశను దాటేసి నేరుగా జెట్లు మార్చడమే అందరూ చేసే మొదటి తప్పు. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు టాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నని సందు) కంపెనీ పుస్తకంలో ఉన్న కొలతకు తేవాలి. హైడ్రాలిక్ టాపెట్లున్న బండికి ఇది అక్కరలేదు. ప్లగ్ గ్యాప్, కార్బొరేటర్‌లో పెట్రోలు మట్టాన్ని నిలిపే ఫ్లోట్ ఎత్తు కూడా పుస్తకం ప్రకారమే ఉండాలి.

తర్వాత గాలి లీకులు వెతకండి. మానిఫోల్డ్ రబ్బరును చేత్తో వంచి చూస్తే లోపలి వైపు సన్నని పగుళ్లు కనిపించవచ్చు. ఏళ్ల తరబడి మన ఎండలో, ఇంజన్ వేడిలో ఉండే రబ్బరు గట్టిపడి పగలడం సహజం. ఇంజన్ స్లోలో, అంటే యాక్సిలరేటర్ తిప్పకుండా నడుస్తూ, ఉండగా ఆ రబ్బరు చుట్టూ కొద్దికొద్దిగా నీళ్లు స్ప్రే చేయండి. స్లో శబ్దం ఉన్నట్టుండి మారితే అక్కడ గాలి లాగుతున్నట్టే. కొందరు ఈ పనికి పెట్రోలు గాని, కార్బ్ క్లీనర్ గాని చల్లుతారు. వేడి ఇంజన్ మీద అది మంటకు దారితీస్తుంది. నీళ్లతోనే పని జరుగుతుంది.

సైలెన్సర్ బెండు పైపు ఇంజన్ తలకు కలిసే చోట లీకు ఉంటే బయటి గాలి లోపలికి చేరి యాక్సిలరేటర్ వదిలినప్పుడు టపటప శబ్దం వస్తుంది. ఇది లీన్ లక్షణంలాగే ఉంటుంది కనుక చాలామంది దీన్ని చూడకుండానే పెట్రోలు పెంచుతూ పోతారు. చల్లని ఇంజన్‌ను స్టార్ట్ చేసి, సైలెన్సర్ చివరను మందపాటి గుడ్డతో క్షణకాలం సగం మూసి, ఆ అతుకు దగ్గర బుసమనే శబ్దం వస్తుందేమో వినండి. కొత్త సైలెన్సర్‌కు పాత గ్యాస్కెట్టే వేసి బిగించి ఉంటే సగం సందర్భాల్లో ఇక్కడే జవాబు దొరుకుతుంది.

2. ఉన్నది ఉన్నట్టు రాసుకోండి

మెయిన్ జెట్ నంబరు, పైలట్ జెట్ నంబరు, నీడిల్ (పైకీ కిందికీ కదులుతూ పెట్రోలును నియంత్రించే సూది) క్లిప్ ఉన్న గాడి, స్లోలో మిశ్రమాన్ని సరిచేసే మిక్చర్ స్క్రూ ఎన్ని చుట్లు తెరిచి ఉందో పుస్తకంలో రాయండి. స్క్రూ చుట్లు లెక్కించడానికి దాన్ని మెల్లగా లోపలికి తిప్పుతూ తగిలేదాకా లెక్కపెట్టాలి. తగిలాక బిగిస్తే సూది లాంటి దాని కొన వంగి, కార్బొరేటర్ లోపలి గూడు పాడవుతుంది.

యాక్సిలరేటర్ గ్రిప్పు మీద టేపు అంటించి, మూసిన స్థితి, పావు, సగం, ముప్పావు, పూర్తి అని గీతలు పెట్టండి. కార్బొరేటర్‌లో ఏ భాగం పనిచేస్తుందన్నది యాక్సిలరేటర్ ఎంత తెరిచారన్న దాని మీద ఆధారపడుతుంది. బండి వేగంతో దానికి సంబంధం తక్కువ. స్లో నుంచి పావు వరకు పైలట్ జెట్, పావు నుంచి ముప్పావు వరకు నీడిల్, ఆపైన మెయిన్ జెట్ ప్రధానంగా పనిచేస్తాయి. "నలభైలో మిస్సింగ్ వస్తోంది" అని చెబితే ఏమీ తెలియదు. "సగం గీత దగ్గర మిస్సింగ్ వస్తోంది" అంటే నీడిల్ చూడాలని వెంటనే తెలుస్తుంది.

3. మెయిన్ జెట్ సరిచేయండి

పెట్రోలు ట్యాప్ కట్టి, ఫ్లోట్ బౌల్ డ్రెయిన్ స్క్రూ తెరిచి పెట్రోలును డబ్బాలోకి పట్టండి. గ్యాస్ పొయ్యి, వెలుగుతున్న దీపం, సిగరెట్ దరిదాపుల్లో ఉండకూడదు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ పని చేయవద్దు, పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది కనుక కిందనే పేరుకుంటుంది.

సైలెన్సర్ మాత్రమే మారి ఉంటే ఒక సైజు, సైలెన్సర్‌తో పాటు అసలు ఫిల్టర్ పెట్టెలోనే అమరే కాటన్ ఫిల్టర్ వేసి ఉంటే రెండు సైజులు పెద్ద జెట్‌తో మొదలుపెట్టండి. ఫిల్టర్ పెట్టెనే తీసేసి కార్బొరేటర్ మూతికి తగిలించే కోన్ ఫిల్టర్‌ను నేను సిఫారసు చేయను. చాలా కార్బొరేటర్ బండ్లలో ఉన్న వాక్యూమ్ రకం కార్బొరేటర్‌లో నీడిల్‌ను ఎత్తే స్లైడ్, ఆ పెట్టె ఇచ్చే నిలకడైన గాలిని నమ్ముకుని పైకి లేస్తుంది. పెట్టె తీసేస్తే మధ్య శ్రేణిలో ఎంత సరిచేసినా ఎక్కడో ఒకచోట తడబాటు మిగులుతుంది. పైగా మన నగరంలో మెట్రో పనులో, రోడ్డు పనులో జరగని వీధి అరుదు. ఆ దుమ్ము, వానాకాలపు నీళ్లు నేరుగా ఫిల్టర్ మీదికే వస్తాయి.

పరీక్షకు తెల్లవారగానే ఖాళీగా ఉండే తిన్నని రోడ్డు చూసుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలను అనుమతించరు; సర్వీసు రోడ్డు మీద స్పీడు బ్రేకర్లు, ఊళ్ల నుంచి వచ్చే దారులు ఉన్నాయి కనుక ముందొకసారి మెల్లగా నడిపి చూశాకే నిర్ణయించుకోండి. దగ్గర్లో డైనో (బండిని రోలర్ మీద నడిపి శక్తి కొలిచే యంత్రం) ఉన్న వర్క్‌షాపు ఉంటే ఈ ఒక్క దశకైనా అక్కడికి వెళ్లడం క్షేమం.

ఇంజన్‌ను కనీసం 15 నిమిషాలు నడిపి పూర్తిగా వేడెక్కనివ్వండి. మూడో గేరులో మధ్యస్థ వేగం నుంచి యాక్సిలరేటర్ పూర్తిగా తెరవండి. బండి ఊపిరి అందనట్టు సాగి, పూర్తి నుంచి ముప్పావుకు తగ్గించగానే కొద్దిగా ముందుకు లాగితే మెయిన్ జెట్ చిన్నది, అంటే లీన్. బరువుగా, బొబ్బొబ్బమని తడబడుతూ సాగి, పొగ గొట్టం చివర తడి మసి పేరుకుంటే జెట్ పెద్దది. ఒక్కో సైజు మాత్రమే మారుస్తూ, ప్రతిసారీ అదే రోడ్డు మీద, అదే గేరులో, రెండు స్థిరమైన వేగాల మధ్య పట్టే సమయాన్ని ఫోన్‌లో మీటర్ వీడియో తీసి పోల్చండి. ఫోన్ హోల్డర్‌లో బిగించి ఉండాలి. సమయం తగ్గడం ఆగిపోయిన సైజే మీ జెట్. రెండు సైజులకు ఒకే సమయం వస్తే పెద్దదాన్ని ఉంచండి.

ఇంజన్ లోపల గింజలు రాలుతున్నట్టు సన్నని టకటక వినిపిస్తే వెంటనే యాక్సిలరేటర్ వదిలేయండి. అది నాకింగ్, అంటే ఇంజన్ లోపల మిశ్రమం అదుపు తప్పి పేలడం. ఆ జెట్‌తో ఇక ఒక్క పరుగు కూడా తీయవద్దు.

4. నీడిల్

సగం గీత దగ్గర నిలకడగా నడుపుతూ చూడండి. బండి కుదుపుతూ ముందుకు వెనక్కి ఊగినట్టుంటే లీన్, మందకొడిగా గురగురమంటే రిచ్. నీడిల్‌కు గాడులుంటే క్లిప్‌ను ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. ఈ దిశను తలకిందులుగా గుర్తుపెట్టుకునేవారు ఎక్కువ: క్లిప్ కిందికి, పెట్రోలు పైకి. ఒకే గాడి ఉన్న నీడిల్ అయితే క్లిప్ కింద అర మిల్లీమీటరు వాషర్ వేస్తే అదే ఫలితం వస్తుంది. స్లైడ్ తీసినప్పుడు పైన ఉండే పలుచని రబ్బరు డయాఫ్రమ్‌ను వెలుతురుకు పట్టి, చిల్లు లేదని చూసి, అంచు గాడిలో సరిగ్గా కూర్చున్నాకే మూత బిగించండి. అది కొద్దిగా మడత పడినా బండి సగానికి పైన లేవదు, తప్పు జెట్‌దనుకుని మళ్లీ మొదటికి వస్తారు.

5. పైలట్ జెట్, మిక్చర్ స్క్రూ

మిక్చర్ స్క్రూలు రెండు రకాలు. కార్బొరేటర్‌కు ఇంజన్ వైపు ఉన్న స్క్రూ పెట్రోలును నియంత్రిస్తుంది. దాన్ని బయటికి తిప్పితే రిచ్ అవుతుంది. ఫిల్టర్ వైపు ఉన్నది గాలిని నియంత్రిస్తుంది. దాన్ని బయటికి తిప్పితే లీన్ అవుతుంది. మీది ఏదో తేల్చుకోకుండా స్క్రూ ముట్టుకోవద్దు.

ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు స్లోను మామూలు కంటే కొద్దిగా పెంచి, మిక్చర్ స్క్రూను పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ప్రతి మార్పు తర్వాత ఇంజన్ కుదురుకునే దాకా ఆగండి. స్లో అత్యధికంగా, నున్నగా ఉన్న చోటు దొరికాక, రిచ్ దిశలో ఇంకో పావు చుట్టు తిప్పి వదిలి, స్లోను తిరిగి మామూలు స్థాయికి తగ్గించండి. ఇంజన్ వైపు స్క్రూ మూడు చుట్ల కంటే ఎక్కువ తెరవాల్సి వస్తే పైలట్ జెట్ ఒక సైజు పెంచాలి. ఒక చుట్టులోపే సరిపోతుంటే ఒక సైజు తగ్గించాలి.

తనిఖీ ఇలా చేయండి. యాక్సిలరేటర్ ఒకసారి రేపి వదలండి. ఇంజన్ వేగం పైనే వేలాడి నెమ్మదిగా దిగితే లీన్. మామూలు స్లోకంటే కిందికి పడి, ఆగబోయి మళ్లీ తేరుకుంటే రిచ్. నేరుగా స్లోకు వచ్చి నిలిస్తే సరిపోయినట్టే.

ఇంత చేసినా యాక్సిలరేటర్ వదిలినప్పుడు టపటప మిగిలితే, కాలుష్యం తగ్గించడానికి సైలెన్సర్‌లోకి గాలి పంపే వాల్వు మీ బండికి ఉందేమో చూడండి. దాని గొట్టాన్ని తాత్కాలికంగా మూసి ఒకసారి నడిపితే శబ్దం ఎక్కడిదో తెలిసిపోతుంది. కారణం అదే అయితే గొట్టాన్ని తిరిగి తగిలించి, ఆ కొద్దిపాటి శబ్దాన్ని వదిలేయండి; అది ఇంజన్‌కు హాని చేయదు.

6. ఫలితం సరిచూసుకోవడం

కొత్త ప్లగ్ బిగించి, వేడి ఇంజన్‌తో పూర్తి యాక్సిలరేటర్ మీద కొంతసేపు నడిపి, క్లచ్ పట్టి అదే క్షణంలో కిల్ స్విచ్ నొక్కి బండిని పక్కకు ఆపండి. స్లోలో ఇంటిదాకా నడుపుకొచ్చాక ప్లగ్ చూస్తే అది స్లో రంగే చూపిస్తుంది. ప్లగ్ మంచిగా ఉంటే ఇటుక రంగులో ఉంటుందన్న మాట సీసం కలిసిన పెట్రోలు కాలానిది. ఆ పెట్రోలు 2000లోనే మన దేశంలో ఆగిపోయింది. ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోలుతో పింగాణీ పైభాగం తెల్లగానే కనిపిస్తుంది. టార్చ్ వేసి పింగాణీ లోపల ఇనుముకు కలిసే అడుగు భాగం చూడండి. అక్కడ లేత గోధుమ రంగు ఉంగరం ఉంటే బాగుంది. అడుగుదాకా సున్నంలా తెల్లబడి ఉంటే లీన్. నల్లని సన్నని చుక్కలు గాని, మెరిసే అల్యూమినియం రవ్వలు గాని ఉంటే నాకింగ్ జరిగింది. బండి ఆపి మెయిన్ జెట్ పెంచాల్సిందే.

చాలామంది వాడుకోని మరో సాధనం పెట్రోలు బంకుల దగ్గరి పొల్యూషన్ తనిఖీ కేంద్రం. సర్టిఫికెట్ మీద కార్బన్ మోనాక్సైడ్ శాతం, హైడ్రోకార్బన్ అంకె ఉంటాయి. కన్వర్టర్ లేని పాత కార్బొరేటర్ బండికి స్లోలో కార్బన్ మోనాక్సైడ్ 1.5 నుంచి 3 శాతం మధ్య వస్తే పైలట్ సరిగ్గా ఉన్నట్టు. బీఎస్3 కాలపు 4-స్ట్రోక్ బండ్లకు పరిమితి 3.5 శాతం. కార్బన్ మోనాక్సైడ్ బాగా తక్కువగా ఉండి హైడ్రోకార్బన్ ఎక్కువ వస్తే మిశ్రమం లీనై మిస్సింగ్ జరుగుతోందన్న మాట. కన్వర్టర్ ఉన్న బండిలో ఈ అంకెలు ఎప్పుడూ తక్కువే చూపిస్తాయి కనుక వాటిని ట్యూనింగ్‌కు ఆధారంగా తీసుకోకూడదు.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండి అయితే

ఆక్సిజన్ సెన్సర్ ఉన్న బండిలో స్లో, నిలకడ ప్రయాణాల్లో ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) తనంతట తానే పెట్రోలు సరిచేసుకుంటుంది. కంపెనీ ఫిల్టర్ ఉంచి సైలెన్సర్ చివరి భాగం మాత్రమే మార్చినవారికి సాధారణంగా వేరే ట్యూనింగ్ అవసరం రాదు. పూర్తి యాక్సిలరేటర్ దగ్గర మాత్రం ఈసీయూ సెన్సర్ మాట వినదు, లోపల రాసి ఉన్న పట్టిక ప్రకారం పోతుంది. బెండు పైపుతో సహా మొత్తం మార్చి ఫిల్టర్ కూడా మారిస్తే పెట్రోలు లెక్క మార్చే ఫ్యూయల్ మాడ్యూల్ గాని, ఈసీయూ రీమ్యాప్ (ఆ పట్టికను తిరిగి రాయడం) గాని కావాలి. అది మిశ్రమాన్ని కచ్చితంగా కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సర్‌తో డైనో మీద చేసే వర్క్‌షాపులోనే చేయించండి. పూర్తి యాక్సిలరేటర్ దగ్గర లాంబ్డా (సరైన నిష్పత్తితో పోలిస్తే గాలి ఎంత ఉందో చెప్పే అంకె; 1కి తక్కువైతే రిచ్) 0.86 నుంచి 0.90, నిలకడ ప్రయాణంలో 1కి దగ్గరగా ఉన్న కాగితాన్ని అడిగి తీసుకోండి. గాలి-పెట్రోలు నిష్పత్తి అంకెలో కాకుండా లాంబ్డాలోనే అడగండి: స్వచ్ఛమైన పెట్రోలుకు 14.7 సరైన నిష్పత్తి అయితే, 20 శాతం ఇథనాల్ ఉన్నదానికి అది దాదాపు 13.5. లాంబ్డా రెండింటికీ 1గానే ఉంటుంది. కొత్త పైపులో సెన్సర్ బిగించే చోటు లేదని సెన్సర్ వైరు కోయించుకున్నా, నకిలీ రెసిస్టర్ తగిలించుకున్నా ఈసీయూకి కళ్లు పోయినట్టే.

ఊరు, కాలం మారినప్పుడు

ఇథనాల్ శాతం 10 నుంచి 20కి చేరడం వల్ల మీ కార్బొరేటర్ బండి జెట్ మారకపోయినా సుమారు 4 శాతం లీన్ అయింది. కొన్నేళ్ల కిందట సరిచేయించుకున్నవారు కూడా మూడో దశ నుంచి మళ్లీ చూసుకోవాలి. పెట్రోలు పైపు, ఫ్లోట్ బౌల్ రబ్బరు ఉబ్బాయేమో అప్పుడే గమనించండి.

హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది, ఇక్కడి గాలి విశాఖ గాలికంటే 5, 6 శాతం పలుచన. చెన్నైలోనో విశాఖలోనో ఉన్న మిత్రుడు చెప్పిన జెట్ నంబరు ఇక్కడ కొద్దిగా రిచ్ అవుతుంది. ఇక్కడ అంచున సరిచేసుకున్న బండి విశాఖ వెళితే లీన్ అవుతుంది, డిసెంబరు తెల్లవారుజామున చల్లటి గాలిలోనూ అంతే. మే నెల ఎండలో ట్యూన్ చేసి ఉంటే, చలికాలంలో దూర ప్రయాణానికి బయల్దేరే ముందు ప్లగ్ అడుగు రంగు ఇంకోసారి చూసి, అవసరమైతే మెయిన్ జెట్ ఒక సైజు పెంచుకోండి. పాత జెట్‌ను చిన్న కవర్‌లో వేసి, నంబరు రాసి, సీటు కింద ఉంచుకోండి.